ఆదాముకు బువ్వ పెట్టే చెయ్యి

పందొమ్మిది వందల యాభై ఏడులో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, దర్శి వైపు పల్లె నుంచి హుస్సేన్ సాహెబ్ అనే దూదేకులాయన రెండేళ్ళ కొడుకును భుజాన వేసుకుని మిషను ఆసుపత్రికి వచ్చాడు. కొంత దూరం ఎద్దుబండి మీద, కొంత దూరం బస్సులో వచ్చాడు. పిల్లవాడి మెడ దవడల దాకా వాచి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. డాక్టరు గారు నోరు తెరిపించి లైటు వేసి చూశారు. గొంతులో బూడిదరంగు పొర కనిపించగానే కంఠసర్పి, అదే డిఫ్తీరియా, అన్నారు. వెంటనే సీరం ఇంజెక్షను ఇచ్చారు. అది పనిచేసేదాకా పిల్లవాడు ఆగేలా లేడని, మెడ కింద చిన్న గంటు పెట్టి, గాలి ఆడడానికి వెండి గొట్టం అమర్చారు.

ఆ తరవాత పిల్లవాణ్ణి పెద్ద వార్డుకు ఎడంగా ఉన్న అంటురోగాల గదిలో పడుకోబెట్టారు. ఆ గదిలోకి బయటివాళ్ళెవరూ రాకూడదు. తండ్రిని గుమ్మం దగ్గరే ఆపేశారు. తల్లికి నెలలు నిండాయనీ, ఇవాళో రేపో నొప్పులు వస్తాయనీ, అందుకే తానొక్కడే వచ్చాననీ అతను చెప్పాడు. వచ్చినా రానిచ్చేవాళ్ళం కాదు, కడుపుతో ఉన్న మనిషి ఈ చుట్టుపక్కలకే రాకూడదు అన్నారు డాక్టరు గారు.

ఆ గదికి నర్సు రెబ్కా. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి పిల్లవాడి పేరు అడిగింది.

"ఆదాం," అన్నాడు హుస్సేన్ సాహెబ్.

మీరు మా మతంవాళ్ళా అని రెబ్కా కాస్త ఆశ్చర్యంగా అడిగింది. అతను కాదన్నట్టు తల ఊపాడు.

"సాయిబులమేనమ్మా, దూదేకులోళ్ళం. మాక్కూడా మొదటి మనిషి ఆయనే."

రెబ్కాది ప్రత్తిపాడు. తల్లీతండ్రీ పత్తి తీతలకూ మిరప కోతలకూ వెళ్ళి బతికినవాళ్ళు. మిషను వాళ్ళ బోర్డింగులో చదువుకుని, అక్కడే నర్సు ట్రైనింగు అయి, ఇరవై ఏళ్ళు నిండకముందే పనిలో చేరింది. భర్త జక్రయ్య పొదిలి బడిలో టీచరు. శనివారం బస్సుకు వచ్చి ఆదివారం బస్సుకు వెళ్ళిపోయేవాడు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. మొదట్లో ఒక మగబిడ్డ ఏడో నెలలోనే పుట్టి, కళ్ళు తెరవకుండానే పోయాడు. ఆ తరవాత మళ్ళీ కడుపు పండలేదు. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ ఎత్తేవారు కాదు, ఆమె కూడా ఎత్తేది కాదు. పిల్లల వార్డులో ఎందుకు చేస్తావు, వేరే వార్డు అడుక్కోరాదా అని జక్రయ్య ఒకసారి అన్నాడు. అక్కడ కాకపోతే నేనెక్కడ ఉండను అని ఆమె జవాబు చెప్పింది.

మెడలో గొట్టం ఉన్న పిల్లవాడు ఏడిస్తే చప్పుడు రాదు. గాలి గొంతు దాకా పోకుండా గొట్టంలోంచే వెళ్ళిపోతుంది. నోరు తెరుచుకుంటుంది, మొహం కందుతుంది, కన్నీళ్ళు కారతాయి, శబ్దం మాత్రం ఉండదు. మిగతా పిల్లలు ఏడిస్తే వంటగదిలో ఉన్నా వినపడుతుంది. ఈ పిల్లవాడు ఏడిస్తే చూడాలి. అందుకని రెబ్కా వాడి మీద నుంచి చూపు తిప్పేది కాదు. లోపలి గొట్టం తీసి, తెమడ లేకుండా కడిగి, మళ్ళీ పెట్టేది. గొట్టం మీద తడిపిన గాజుగుడ్డ ఆరిపోకుండా మారుస్తుండేది. కెటిలు ఆవిరి వాడి మొహానికి తగలకుండా, మంచం చుట్టూ మాత్రం నిలిచేలా దుప్పటి కట్టేది. డ్యూటీ దిగినా వెళ్ళేది కాదు. తరవాతి నర్సు నవ్వి, నువ్వు వెళ్ళకపోతే నేనెందుకు వచ్చాను అనేది.

వాడు బతికాడు. పొర ఊడిపోయింది, వాపు తగ్గింది, గొట్టం తీసేశారు. గంటు మీద కట్టు కట్టిన మర్నాడు పొద్దున రెబ్కా మొహం తుడుస్తుంటే, వాడు ఆమె జాకెట్టు అంచు పట్టుకుని, బొంగురు గొంతుతో "అమ్మ" అన్నాడు.

వార్డులో పిల్లలు అమ్మ కావాలని అడగడం కొత్త కాదు. అమ్మ వస్తుందిలే, ఊరి నుంచి బయల్దేరింది, దారిలో ఉంది అని చెప్పడం ఆమెకు అలవాటే. ఆ రోజు ఆ మాట నోటి దాకా రాలేదు. "ఆఁ" అంది. అన్నాక గుమ్మం వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

గొట్టం తీసిన కొద్ది రోజులకే ఇంకో కష్టం వచ్చింది. పాలు తాగిస్తే ముక్కులోంచి కారిపోతున్నాయి. మాట ముక్కుతో వస్తోంది. కంఠసర్పి విషం కొండనాలుక దగ్గరి కండరాలు చచ్చుపడేలా చేసిందనీ, కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుందనీ, అప్పటిదాకా పలచటివి మింగనిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరు గారు చెప్పారు. కొన్నాళ్ళు ముక్కులోంచి సన్నని రబ్బరు గొట్టం వేసి పాలు పోశారు. తరవాత చెంచాతో గట్టి జావ పెట్టమన్నారు.

అది రెబ్కా సొంతంగా పట్టుకున్న పని. రాగిజావ చెంచా తిరగేసినా జారనంత గట్టిగా కాచేది. పిల్లవాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, వీపును తన రొమ్ముకు ఆనించుకుని, గడ్డం కొంచెం కిందికి వంచేది. చెంచాలో సగం మాత్రమే తీసి నాలుక మధ్యలో పెట్టి, గడ్డం కింద వేలు ఆనించి ఆగేది. గొంతు కదిలి కిందికి దిగినట్టు వేలికి తెలిశాకే రెండో చెంచా. ఒక్క గిన్నె పెట్టడానికి మిగతా పిల్లలందరికీ పెట్టినంత సేపు పట్టేది. వాడు ఆమె దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా నోరు తెరవడం మానేశాడు. వేరే నర్సు చెంచా పట్టుకుంటే పెదవులు బిగించేవాడు. ఇదేం మాయ పెట్టావు రెబ్కా అని వాళ్ళు అంటుంటే ఆమెకు లోపల ఎక్కడో తియ్యగా ఉండేది.

ఈలోగా ఊళ్ళో తల్లి ప్రసవించింది. ఆడపిల్ల. ఆ కబురు చెప్పడానికి వచ్చిన హుస్సేన్ సాహెబ్ ఈసారి తిరిగి వెళ్ళలేదు. ఆసుపత్రి పరుపులూ దిండ్లూ గడ్డలు కట్టి ఉన్నాయనీ, ఏకి మళ్ళీ నింపి ఇస్తాననీ హెడ్ నర్సు ఎలీసమ్మ గారిని అడిగి, పిల్లల వార్డు ఎదురుగా వేపచెట్టు కింద కూర్చున్నాడు. దూది ఏకే విల్లు నారి మోగడం మొదలైంది. గదిలో జావ తింటున్న ఆదాం ఆ మోతకు ఆగిపోయాడు. తల తిప్పి, నోట్లో జావ అలాగే ఉంచుకుని, కిటికీ వైపు చూసి నవ్వాడు. పుట్టినప్పటి నుంచీ ఆ మోత వింటూ నిద్రపోయిన పిల్లవాడు వాడు.

రెబ్కా గిన్నె పక్కన పెట్టి ఎలీసమ్మ గారి దగ్గరికి వెళ్ళింది. దూదిపింజలు గాలికి ఎగిరి గదిలోకి వస్తున్నాయనీ, పిల్లవాడి మెడమీద గంటు ఇంకా పూర్తిగా మానలేదనీ చెప్పింది. మాట అబద్ధం కాదు. ఎలీసమ్మ గారు హుస్సేన్ సాహెబుని వంటశాల వెనక్కి పంపించారు. అతను కూడా, పిల్లోడికి మంచిదైతే నేను ఊరవతలైనా కూర్చుంటాను అని లేచి వెళ్ళాడు. దూదిపింజల మాట అబద్ధం కాకపోయినా, అది చెప్పడానికి వెళ్ళేటప్పుడు తన కాళ్ళు ఎంత హుషారుగా కదిలాయో రెబ్కాకే తెలుసు.

తల్లి జైనాబీ పురిటినీళ్ళు పోసుకున్న మరునాడే వచ్చేసింది. సన్నటి మనిషి. కళ్ళ కింద నల్లగా ఉంది. చంకలో పసిగుడ్డు, చేతిలో గుడ్డలో కట్టిన వేయించిన శనగలు. నేను ఆదాం అమ్మను సిస్టరమ్మా, వాణ్ణి ఒక్కసారి ఎత్తుకుంటాను అంది.

అంతకు రెండు రోజుల ముందే డాక్టరు గారు గొంతు పరీక్ష చేయించి, ఇక అంటుకునే భయం లేదనీ, తల్లి వస్తే లోపలికి రానివ్వచ్చనీ రెబ్కాతో చెప్పి ఉన్నారు. రెబ్కా జైనాబీని చూసింది, చంకలో పిల్లను చూసింది.

"పసిపిల్లతో లోపలికి రాకూడదమ్మా. అంటురోగం గది ఇది. డాక్టరు గారు చెప్పేదాకా కిటికీలోంచి చూడు," అంది.

డాక్టరు గారు ఎప్పుడు చెబుతారని జైనాబీ అడిగింది. అది నా చేతిలో లేదు అంది రెబ్కా.

కిటికీకి ఇనప జాలీ ఉంది. జైనాబీ వరండాలో నిలబడి జాలీకి మొహం ఆనించి, కొడుకును పేరు పెట్టి పిలిచింది. రెబ్కా ఆదామును ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళింది. వాడు తల్లిని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ మొహం ఎక్కడో చూసినట్టుంది కానీ ఎక్కడో తెలియనట్టు చూసి, తల తిప్పేసి రెబ్కా భుజం మీద వాలిపోయాడు. జైనాబీ జాలీ నుంచి మొహం తీసేసింది. శనగల మూట జాలీ కిందున్న గట్టు మీద పెట్టి కూర్చుండిపోయింది. రెబ్కా పిల్లవాడి వీపు నిమురుతూ లోపలికి నడిచింది. ఆ పూటంతా పనిలో ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది.

జైనాబీ వరండాలోనే ఉండిపోయింది. అక్కడే పిల్లకు పాలివ్వడం, అక్కడే తినడం, అక్కడే పడుకోవడం. కొడుకును పిలవడం మానేసింది. పిలిస్తే మొహం తిప్పేస్తున్నాడని ఆమెకు అర్థమైంది. దాని బదులు ఒళ్ళోని పసిపిల్లతో గట్టిగా కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. మన నల్లమేక ఈనిందే, రెండు పిల్లల్ని పెట్టింది, ఒకదానికి చెవి తెల్లగా ఉంది అని చెప్పేది. మీ అన్న ఆ మేక తోక పట్టుకుని ఎట్టా పరిగెత్తేవాడనుకున్నావ్ అనేది. పసిదానికి ఏం తెలుస్తుంది? ఆ కబుర్లు లోపలివాడి కోసం. వాడు మొదట వినలేదు. తరవాత ఆడుతూ ఆడుతూ ఆగేవాడు. ఒకరోజు రెబ్కా చెంచా నోటి దగ్గరికి తెస్తే, వాడు నోరు తెరవకుండా కిటికీ వైపు చూస్తూ, ముక్కుతో "మేక" అన్నాడు.

బయటి నుంచి చిన్న నవ్వు వినిపించింది.

గాలి తగిలితే పిల్లవాడికి జలుబు చేస్తుందని రెబ్కా కిటికీ రెక్కలు మూసేసింది. గదిలో ఎండ వేడి. వాడికి చెమట పట్టింది. అయినా తెరవలేదు.

ఆ శనివారం జక్రయ్య వచ్చినప్పుడు ఆమె క్వార్టర్సులో అన్నం వడ్డిస్తూ ఆదాం గురించే మాట్లాడింది. వాడు గుటక వేసే తీరు, వాడు తన తలపిన్ను లాగే తీరు చెప్పింది. ఆ తల్లి జుట్టుకు చమురైనా లేదనీ, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ పల్లెలో వీణ్ణి ఏం సాకుతుందో అనీ అంది. జక్రయ్య నిదానస్తుడు. తినడం ఆపి విన్నాడు.

"ఆవిడ బాలింత, రెబ్కా. తల దువ్వుకోవడానికి రాలేదు. లోపలికి ఎందుకు రానివ్వడం లేదు?"

"డాక్టరు గారు వద్దన్నారు."

ఆమె అబద్ధం చెబితే గిన్నెలు సర్దడం మొదలుపెడుతుందని అతనికి తెలుసు. ఆమె అప్పుడు గిన్నెలు సర్దుతోంది. అతను ఇంకేమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, మనవాడు ఉండుంటే నువ్వు ఆ వరండాలో కూర్చునేదానివి అని మెల్లిగా అన్నాడు. ఆ మాటకు ఆమె రెండు రోజులు అతని మీద మండిపడింది.

మంగళవారం ప్రత్తిపాడు నుంచి కబురు వచ్చింది. రెబ్కా తల్లి మిరప కల్లంలో ఎండదెబ్బకు పడిపోయింది. సాయంత్రానికి వచ్చేస్తానని సెలవు అడిగి, ఆదామును దీనమ్మ అనే నర్సుకు అప్పగించింది. దీనమ్మ పెద్ద వార్డులో పనిచేసేది. మంచి పిల్లే, కానీ ఆ గదిలో ఎప్పుడూ చెయ్యలేదు. జావ గట్టిగా కాచి పెట్టమని మాత్రం చెప్పింది రెబ్కా. కూర్చోబెట్టే తీరూ, గడ్డం వంచడం, వేలితో గుటక చూడడం చెప్పలేదు. తొందరలో మర్చిపోయింది అనుకుందామంటే అది నిజం కాదు. చెబుదామని నోరు తెరిచి కూడా, ఆగిపోయింది. ఒక్క పూట వాళ్ళు అవస్థ పడనీ, నేను లేకపోతే వాడు తినడని తెలియనీ అన్నది ఆమె మనసులో అనుకున్న మాట. బస్సు ఎక్కాక కూడా ఆ మాట ఆమెకు తప్పుగా తోచలేదు.

పొద్దున వాడు నోరు తెరవలేదు. మధ్యాహ్నానికి ఆకలికి ఏడుపు, ఏడ్చేకొద్దీ చెంచా తోసేయడం. అవతల పెద్ద వార్డులో కొత్తగా చేరిన పిల్లలు, వాంతులు, విరేచనాలు. దీనమ్మకు ఊపిరాడలేదు. చివరికి ఆదామును ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఊళ్ళో పసిపిల్లలకు పట్టినట్టే, పలచటి పాలు ఉగ్గుగిన్నెతో పోసింది. మొదటి గుక్క ముక్కులోంచి వచ్చింది. రెండోది ఊపిరిలోకి పోయింది.

మూసిన కిటికీ అవతల కూర్చున్న జైనాబీ ఆ దగ్గు విన్నది. దగ్గు ఆగిపోవడం కూడా విన్నది. చంకలోని పసిదాన్ని పక్కనున్న ఆడమనిషి ఒళ్ళో పడేసి, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఆదాం పెదవులు నీలంగా ఉన్నాయి. దీనమ్మ చేతుల్లోంచి వాణ్ణి లాక్కుని, తలకిందులుగా మోకాళ్ళ మీద వేసుకుని, వీపు మీద చరిచింది. పాలు పడ్డాయి. వాడు ఊపిరి పీల్చాడు. అప్పటికి ఎలీసమ్మ గారూ, డాక్టరు గారూ వచ్చారు. తల్లిని రానివ్వచ్చని రెబ్కాకు ఎప్పుడో చెప్పానే, ఇన్నాళ్ళూ ఈమె బయట ఎందుకుంది అన్నారు డాక్టరు గారు.

రెబ్కా సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. గదిలో మంచం మీద జైనాబీ కూర్చుని ఉంది. ఆదాం ఆమె రొమ్మున ఆనుకుని, కళ్ళు మూసుకుని, గురగురమంటూ ఊపిరి తీస్తున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. పెన్సిలిన్ మొదలుపెట్టారు. నిమ్ము చేరిందన్నారు.

ఎలీసమ్మ గారు ఆమెను స్టోరు గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు.

"తల్లిని రానివ్వచ్చని డాక్టరు గారు నీకు చెప్పి వారం దాటిందట. ఎందుకు రానివ్వలేదు?"

రెబ్కా అరలోని గాజుగుడ్డలు సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీనమ్మకి పెట్టే తీరు ఎందుకు చూపించలేదు?"

"చూపించాలనిపించలేదండీ."

ఎలీసమ్మ గారు ఆమె మొహంలోకి చూశారు. ఇరవై ఏళ్ళుగా నర్సుల్ని చూస్తున్న మనిషి. నిర్లక్ష్యం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు, ఇది అది కాదని కూడా తెలుసు. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పక తప్పదు, శిక్ష ఆయన ఇష్టం అన్నారు. ముందు ఆ పిల్లవాడు తినాలి, పొద్దుటి నుంచీ వాడి కడుపులో ఏమీ లేదు, పద అన్నారు.

రెబ్కా గదిలోకి వెళ్ళేసరికి ఆదాం కళ్ళు తెరిచాడు. ఆమెను చూసి రెండు చేతులూ చాచాడు. తల్లి ఒళ్ళోంచే చాచాడు. ఆ చేతుల కోసం ఆమె వారాల తరబడి ఎంత ఆశపడిందో, ఇప్పుడవి చూస్తే అంత భయం వేసింది. జైనాబీ మొహం చూడలేక నేల చూసింది.

జైనాబీ కొడుకును పట్టుకున్న చేతులు వెంటనే వదల్లేదు. వాణ్ణి ఇంకా దగ్గరికి అదుముకుంది. రెబ్కాలో రోజూ మండినదే ఇప్పుడు జైనాబీ కళ్ళలో మండుతోంది. తరవాత ఆమె వాణ్ణి లేపి అందించింది.

"పట్టుకో సిస్టరమ్మా. నీ దగ్గర తింటాడుగా, పెట్టు. బతికితే నావాడు ఎట్టయినా నావాడవుతాడు. ముందు బతకనీ."

రెబ్కా అందుకోలేదు. ఆమె కాళ్ళ దగ్గర నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. "నువ్వే ఉంచుకో. నేను చెబుతాను. వీపు నీకు ఆనించుకో. గడ్డం కొంచెం దించు. ఇంకొంచెం," అంది. జావ చెంచా జైనాబీకి ఇచ్చి, ఆమె చూపుడువేలు పట్టుకుని పిల్లవాడి గడ్డం కింద పెట్టింది. చెంచా తల్లి చేతిలో, మొహం మాత్రం నర్సుది. ఎదురుగా రెబ్కా మొహం కనపడుతోంది కనుక వాడు నోరు తెరిచాడు. గుటక పడినట్టు వేలికి తెలియగానే జైనాబీ తలెత్తి చూసింది. దిగింది కదూ అని అడిగింది. దిగింది, ఇంకో అరచెంచా అంది రెబ్కా.

ఆ జ్వరం దిగడానికి వారం పైనే పట్టింది. రెండుసార్లు పిల్లవాడు చేజారిపోయాడనే అనుకున్నారు. అన్ని పూటలా అలాగే పెట్టారు. వాడు కోలుకుంటున్నకొద్దీ రెబ్కా కొంచెం కొంచెం వెనక్కి జరిగింది. ఒకరోజు ఎదురుగా కాక పక్కన కూర్చుంది. ఒకరోజు మంచం వెనక నిలబడింది. వాడు మెడ తిప్పి వెతికేవాడు, కనపడకపోతే ఏడ్చేవాడు. ఆ ఏడుపుకు ఇప్పుడు చప్పుడు ఉంది. జైనాబీ ఓపిగ్గా నల్లమేక కథ ఎత్తుకునేది. చివరికి రెబ్కా అసలు గదిలో ఉండకుండా, వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడేది. చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినేది. వాడు ఏడవడం లేదని తెలిస్తే మంచిదే అనుకునేది. అనుకుంటుండగానే కారం తగిలిన చెయ్యి కంట్లో పెట్టుకున్నట్టు ఉండేది. ఆ మంట తగ్గుతుందేమోనని ఎదురు చూసింది. తగ్గలేదు. తగ్గకపోయినా, మర్నాడు కూడా వరండాలోకే వెళ్ళింది.

డాక్టరు గారు ఆమెను పిలిచి గట్టిగా చీవాట్లు పెట్టారు. రెండేళ్ళ దాకా హెడ్ నర్సు పనికి పేరు పంపనన్నారు. ఆమె సరేనండి అంది. జక్రయ్యకు మాత్రం శనివారం అంతా చెప్పింది, ఈసారి గిన్నెలు ముట్టుకోకుండా చెప్పింది. అతను తిట్టలేదు, ఓదార్చలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమెతోపాటు వార్డుకు వచ్చి, వరండాలో హుస్సేన్ సాహెబ్ పక్కన కూర్చుని, బడి సంగతులూ దూది ధరలూ మాట్లాడి వెళ్ళాడు.

ఇంటికి పంపే రోజున హుస్సేన్ సాహెబ్ బండి తెచ్చాడు. ఆదాం మాట ముక్కులోంచి రావడం తగ్గింది. పాలు కూడా గిన్నెతో తాగుతున్నాడు. ఎద్దుల్ని చూసిన ఆనందంలో వాడు ఎవరి వైపూ చూడలేదు. జైనాబీ పసిదాన్ని భర్తకిచ్చి, వెనక్కి వరండా మెట్ల దాకా వచ్చింది. రెబ్కా ఏదో చెప్పబోయింది. జైనాబీ చెయ్యెత్తి ఆపింది.

"నీ మీద నాకు కోపం పోలేదు. పోయిందని చెబితే అబద్ధమవుద్ది. వాడు బతికిందీ నీ చేతిలోనే, చావబోయిందీ నీ మూలానే. రెండూ గుర్తుంటాయి."

"ఉండాలి," అంది రెబ్కా.

జైనాబీ తల ఊపి బండెక్కింది.

ఆ తరవాతి సంవత్సరం, పత్తి తీతలు మొదలయ్యే కాలంలో, ఔట్ పేషెంటు వరసలో రెబ్కాకు జైనాబీ కనపడింది. ఆడపిల్లకు ఏడాది నిండబోతోంది. జ్వరం, దగ్గు. వరసలో ఇంకో ఇద్దరు నర్సులున్నా, జైనాబీ వాళ్ళను దాటుకుని నేరుగా రెబ్కా బల్ల దగ్గరికే వచ్చింది. చీర కొంగు పట్టుకుని ఆదాం ఉన్నాడు. పొడుగయ్యాడు. మెడ కింద గంటు మచ్చ బియ్యపుగింజంత ఉంది. రెబ్కా వాణ్ణి పేరు పెట్టి పలకరించింది. వాడు ఎవరీవిడ అన్నట్టు చూసి, బల్ల మీదున్న తూకపు రాళ్ళ వైపు చెయ్యి చాచాడు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. తల వంచుకుని థర్మామీటరు దులిపింది.

జైనాబీ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. కానీ ఒక చెయ్యి తీయలేదు. పిల్ల పాదం తన పిడికిట్లోనే ఉంచుకుంది. ఆ పిడికిలి ఎందుకో రెబ్కాకు తెలుసు. అది చూసి ఆమె గుండెలో ముల్లు కదిలింది. కదిలినా మాట తడబడలేదు.

"ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకో జైనాబీ. చెయ్యి నువ్వే పట్టుకో," అంది. "నేను చంకలో పెడతాను, పడిపోకుండా నువ్వు అదిమి ఉంచు."

జైనాబీ పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ పాదరసం ఎక్కేదాకా చూస్తూ కూర్చున్నారు. వెనక వరసలో ఎవరో త్వరగా కానివ్వమంటున్నారు. ఆదాం తూకపు రాయి ఒకటి కింద పడేసి, దాని చప్పుడుకు తానే నవ్వాడు.